రెండు పొట్టి మెరుపులు, ఒకటి పొడుగు

హుంగ్ హామ్‌లో సముద్రానికి ఆనుకుని ఉన్న ఆ పాత ఎనిమిదంతస్తుల మేడకి లిఫ్టు లేదు. డాబా మీదికి చేరేసరికి ఎవరికైనా ఆయాసం వస్తుంది. హోయ్ లామ్‌కి మాత్రం రాదు, పుట్టినప్పటి నుంచీ ఎక్కుతున్న మెట్లే కాబట్టి. ఇల్లు ఆరో అంతస్తులో. ఇంకో రెండంతస్తులు దాటితే డాబా. అక్కడ ఎవరివో ఆరేసిన దుప్పట్లు, తుప్పు పట్టిన నీళ్ళ తొట్లు, ఎప్పుడో చచ్చిపోయిన టీవీల యాంటెన్నాలు. వాటి సందులోంచి చూస్తే ఎదురుగా నీళ్ళు, నీళ్ళకి అవతల హాంకాంగ్ దీవి, దాని మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డ మేడలు.

ఆ మేడల్ని ఫోటోలు తీయడమే ఆమె పని. ఒకటీ రెండూ కాదు. సాయంత్రం నాలుగున్నరకి కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి, దాని కాళ్ళకి ఇసుక సంచులు కట్టి వదిలేస్తే, ఎనిమిది సెకన్లకొకటి చొప్పున అది ఎనిమిదిన్నర దాకా తీసుకుంటూ పోతుంది. పద్దెనిమిది వందల ఫోటోలు. వాటిని వరసగా పేర్చి పరిగెత్తిస్తే నిమిషం మీద పన్నెండు సెకన్ల సినిమా వస్తుంది. నాలుగు గంటల ఆకాశం ఆ కాస్తలో పరిగెత్తుతుంది. పొద్దు గూకగానే తాలింపులో ఆవాలు చిట్లినట్టు కిటికీలు వెలుగుతాయి. కొత్తగా కట్టిన ఒక హోటల్ వాళ్ళు, గోడంత తెర మీద ఆడించుకోవడానికి, ఏడు సాయంత్రాల సినిమాలు ఏడు కావాలన్నారు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది కానీ తీసేవాళ్ళకి నడుం పట్టేస్తుంది.

ఆ డాబా మీద ఆమెకి కెమెరా కంటే పాత అలవాటు ఇంకొకటి ఉంది. వాళ్ళ నాన్న కామ్ సుయ్ ముప్ఫై ఏళ్ళు ఫెర్రీ మీద పనిచేశాడు. నార్త్ పాయింట్ నుంచి హుంగ్ హామ్‌కి, హుంగ్ హామ్ నుంచి నార్త్ పాయింట్‌కి, అంతే, ఆయన లోకమంతా ఆ పదిహేను నిమిషాల నీళ్ళే. పని ముగిసి ఇంటికొచ్చే ఆఖరి ట్రిప్పులో, పడవ అవతలి ఒడ్డు వదలగానే ఆయన టార్చి వెలిగించేవాడు. రెండు పొట్టి మెరుపులు, ఒకటి పొడుగు. వస్తున్నా, అన్నం పెట్టండి అని దానర్థం. చిన్నప్పుడు హోయ్ లామ్ పిట్టగోడ మీద గడ్డం ఆనించి ఆ మెరుపుల కోసం కాచుకునేది. కనబడగానే మెట్లన్నీ దడదడా దిగి అమ్మకి చెప్పేది. ఆ పరుగంత ఆనందం ఆమెకి తర్వాత ఇంకెందులోనూ దొరకలేదు.

ఆ నాన్న నెలన్నర క్రితం అవతలి ఒడ్డున, కొండవాలు మీది ఆసుపత్రిలో, తొమ్మిదో అంతస్తులో పోయాడు. దహనం కూడా అటువైపే అయింది. ఆయన పటాన్నీ ధూపం గిన్నెనీ ఇంటికి తెచ్చిన రోజున జరిగిన ఒక పొరపాటు హోయ్ లామ్‌ని లోపల్లోపల తినేస్తోంది.

పోయినవాళ్ళని ఇంటికి తీసుకొచ్చేటప్పుడు, దారిలో వంతెన వచ్చినా, సొరంగం వచ్చినా, ధూపం గిన్నె పట్టుకున్న మనిషి వాళ్ళకి చెప్పాలి. ఇప్పుడు నీళ్ళు దాటుతున్నాం, వెనకే రా, అని. చెప్పకపోతే వాళ్ళకి తెలియదు. నీళ్ళ దగ్గరే ఆగిపోతారు. ఆ రోజు గిన్నె ఒళ్ళో పెట్టుకుని వ్యాన్ వెనక సీట్లో కూర్చుంది హోయ్ లామ్. సముద్రం కింది సొరంగంలోకి వ్యాన్ దిగే ముందు హోటల్ వాళ్ళ ఫోన్ వచ్చింది. సినిమాలు ఎప్పటికిస్తారని. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వాళ్ళకి నచ్చచెబుతూ ఉండగానే సొరంగం అయిపోయింది. వెలుగులోకి వచ్చాక చూసుకుంటే ఇవతలి ఒడ్డు. గిన్నెలో ధూపం ఆరిపోయి ఉంది.

ముందు సీట్లో ఉన్న అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. హోయ్ లామ్ కూడా నోరు విప్పలేదు. ఏమని చెబుతుంది? ఫోన్‌లో ఉండి నాన్నని అక్కడే వదిలేశానని చెబుతుందా?

*

మొదటి సాయంత్రం ఫోటోల్ని మర్నాడు మధ్యాహ్నం పాక్ యిన్ పేర్చాడు. పాక్ యిన్ ఆమెకంటే ఎనిమిదేళ్ళు చిన్న. పనిలో భాగస్వామి, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. నూడుల్స్ అంగడి వెనక గదిలో వాళ్ళ ఆఫీసు. కిటికీలకి నల్లగుడ్డ కట్టి ఉంటుంది కానీ చేప ఉండలు వేగే వాసనని ఆ గుడ్డ ఆపలేదు.

"అక్కా, నీ కెమెరాకి కంట్లో పువ్వేసింది," అన్నాడు పాక్ యిన్.

"నీకే వేసుంటుంది. ఏది, చూపించు."

"ఇదిగో. ఇక్కడ మొదలవుతుంది. చూడు."

సినిమా నడిపించాడు. మబ్బులు పరిగెత్తాయి, పొద్దు గూకింది, కిటికీలు చిట్లడం మొదలైంది. అంతలో కొండవాలు మీద ఒక కిటికీ వెలిగింది. మిగతావన్నీ పసుపు. ఇది మాత్రం ఆకుపచ్చ కలిసిన తెలుపు. అది ఆరిపోయింది. వెంటనే దాని పక్క మేడలో ఇంకో కిటికీ, అదే రంగు. అది ఆరింది. కిందికి ఇంకొకటి. వీధి దాటి ఇంకొకటి. కొండ మీది నుంచి నీళ్ళ వైపు ఒక మనిషి దీపం పట్టుకుని ఇళ్ళలోంచి ఇళ్ళలోకి నడుచుకుంటూ వస్తున్నట్టు ఉంది. ఒడ్డున ఫెర్రీ రేవు పక్క మేడ దాకా వచ్చి ఆగింది. సినిమా అయిపోయేదాకా అక్కడే ఉంది.

"సెన్సార్ మీద మచ్చ అయితే ఒకచోటే ఉండాలి," అన్నాడు పాక్ యిన్. "ఇది షికారు చేస్తోంది."

హోయ్ లామ్ ఫోటోల్ని ఒక్కొక్కటిగా తీసి చూసింది. ఏ ఫోటోలోనూ తప్పేమీ లేదు. వేల కిటికీల్లో ఒక కిటికీ వెలిగి ఉంది, అంతే. ఒక్కో కిటికీలో ఆ వెలుగు ఏడెనిమిది ఫోటోలు ఉంది, అంటే నిమిషం. బతికున్నవాళ్ళ కంటికి అందనంత నిదానంగా నడుస్తోంది అది. ఫోటోల్ని పరిగెత్తిస్తేనే దాని నడక కనబడుతుంది.

"తుడిచెయ్యనా? రెండు గంటల పని," అన్నాడు పాక్ యిన్.

"మొదలైన కిటికీ ఏదో దగ్గరగా చూపించు."

పెద్దది చేశాడు. పొడుగాటి తెల్లని మేడ. కింది నుంచి లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

తొమ్మిదో అంతస్తు.

"తుడవొద్దు," అంది.

పాక్ యిన్ ఆమె మొహం చూసి వెటకారం మింగేశాడు. "అక్కా... ఆసుపత్రేనా అది?"

"నాన్న ఉన్న ఆసుపత్రి."

నూడుల్స్ అంగడిలో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. పాక్ యిన్ సినిమాని మళ్ళీ మొదటికి తిప్పాడు.

"నువ్వు నమ్ముతావా ఇవన్నీ?" అన్నాడు.

"నమ్మననే అనుకున్నాను," అంది హోయ్ లామ్.

రెండో సాయంత్రం అదే. మూడో సాయంత్రం అదే. తొమ్మిదో అంతస్తులో బయలుదేరడం, నీళ్ళ దాకా రావడం, రేవు పక్కన నిలబడిపోవడం. నాలుగో సాయంత్రం సినిమా చూసి ఆమె ఆఫీసులోనే ఏడ్చేసింది. ముప్ఫై ఏళ్ళు ఆ నీళ్ళ మీద ఊళ్ళోవాళ్ళందర్నీ దాటించిన మనిషి, తనని దాటించేవాళ్ళు లేక రోజూ రేవు దాకా వచ్చి వెనక్కి పోతున్నాడు. పైగా గడువు దగ్గర పడుతోంది. నలభై తొమ్మిదో రోజున పోయినవాళ్ళని ఇంటి గడప నుంచి సాగనంపాలి. ఆ రోజు ఇంక వారం కూడా లేదు. ఇంటికే రానివాణ్ణి ఎక్కడి నుంచి సాగనంపుతారు?

ఇంట్లో అమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. రోజూ రాత్రి నాన్న పటం ముందు గిన్నెడు అన్నం పెట్టి, గిన్నెకి కుడి పక్కన తినే పుల్లలు పెట్టేది. తెల్లారేసరికి అన్నం అలాగే ఉండేది, పుల్లలు మాత్రం ఎడమ పక్కన ఉండేవి. నాన్నది ఎడమచేతి వాటం. అమ్మే మార్చి పెట్టి, తృప్తి పడుతోందని హోయ్ లామ్ అనుకుంది. పాపం, పిచ్చి తల్లి అనుకుని, చూడనట్టే ఊరుకుంది.

*

ఆరో సాయంత్రం ఆమె నిశ్చయించుకుని డాబా ఎక్కింది.

గాలి లేదు. నీళ్ళ మీద నుంచి డీజిలు వాసన, కింద ఏ అంతస్తులోనో ఎండు చేప వేయిస్తున్న వాసన కలిసి పైకొస్తున్నాయి. కెమెరా తన మానాన తాను టక్కుమంటోంది. ఏడు దాటాక, వెలుగు రేవు దగ్గరికి చేరి ఉంటుందని లెక్క కట్టుకుని, మూడు అగరుబత్తులు వెలిగించి పిట్టగోడ దగ్గర నిలబడింది. సిగ్గేసింది. పక్క డాబా మీద బట్టలు తీస్తున్నావిడ వెళ్ళిపోయేదాకా ఆగింది.

తర్వాత పిలిచింది.

"నాన్నా. నీళ్ళు దాటు. ఆ రోజు చెప్పలేదు, తప్పయిపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. దాటి రా. రేవు దిగి ఎడమకి తిరుగు. మూలన మందుల అంగడి ఉంది, దాని పక్క వీధి. పన్నెండో నెంబరు. ఆరో అంతస్తు, ఎడమ తలుపు. ఎర్ర గేటు. తలుపు తీసే ఉంటుంది నీకు. రా నాన్నా."

మూడుసార్లు అలాగే, చిరునామాతో సహా చెప్పింది. మూడోసారికి సిగ్గు పోయింది. గొంతెత్తి, ఊరందరికీ వినబడేలా చెప్పింది.

ఎనిమిదింటికి ఇంక ఆగలేకపోయింది. కెమెరాలోంచి కార్డు లాగి, అక్కడే నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఫోటోలు పేర్చి నడిపించింది.

తొమ్మిదో అంతస్తు. కొండవాలు. వీధి. రేవు. వెలుగు ఆగింది. తను పిలిచిన సమయం వచ్చింది.

వెలుగు ఆరిపోయింది.

మరుసటి ఫోటోలో అది నీళ్ళ మీద ఉంది.

అక్కడ పడవ లేదు. నల్లటి నీళ్ళు, వాటి మీద ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఫోటో తర్వాత ఫోటో అది ఇవతలికి వచ్చింది. పెద్దదైంది. తిన్నగా, ఎక్కడా ఆగకుండా, కెమెరాకి ఎదురుగా వచ్చింది. చివరికి చట్రం అడుగు అంచు దాకా వచ్చి, దాని కిందికి దిగిపోయింది. ఆ అంచు కింద ఉన్నది వాళ్ళ వీధే.

ఆ ఫోటో మీద సమయం ఏడూ యాభై ఒకటి.

హోయ్ లామ్ రెండు చేతుల్తో నోరు మూసుకుని ఏడ్చింది. ఈసారి సంతోషంతో. వచ్చేశాడు. చిన్నప్పట్లాగే కిందికి పరిగెత్తి అమ్మకి చెప్పాలి. లేవబోతూ ఒక్క క్షణం ఆగింది. టార్చి ఎందుకు వెయ్యలేదు? ఒడ్డు వదలగానే వేసేవాడుగా... చచ్చినవాళ్ళకి టార్చి ఎక్కడిది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనసుకి కావలసిందే కంటికి కనబడుతుందని ఊరికే అన్నారా?

*

వంటింట్లో అమ్మ ఆకుకూర కడుగుతోంది. హోయ్ లామ్ తలుపు దగ్గరే నిలబడి, ఆయాసపడుతూ, మొత్తం చెప్పేసింది. ఫోన్ సంగతి, సొరంగం సంగతి, వెలుగు సంగతి, పిలుపు సంగతి. చెబుతుంటే నెల రోజుల బరువు దిగిపోతున్నట్టే అనిపించింది.

అమ్మ కుళాయి కట్టేసింది.

"నువ్వు పిలవలేదని నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"తెలియకేం. నువ్వు ఫోన్‌లో ఉన్నావని నేనే పిలిచాను. దిగే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, పైకొచ్చాక ఒకసారి. పేరు పెట్టి మరీ పిలిచాను. నీ చెవుల్లో ఆ గొట్టాలుండె, నీకేం వినబడుతుంది?"

"మరి... నాకు చెప్పలేదేమ్మా?"

"తండ్రి పోయిన పిల్లవి, నిన్నేం తిడతానులే అని ఊరుకున్నా. మీ నాన్న ఆ రోజే వచ్చేశాడు లామ్. రోజూ పుల్లలు ఎడమకి మారుస్తున్నది ఎవరనుకున్నావు?"

"నువ్వేననుకున్నా."

"నాకేం పనిలేదా?"

కుళాయిలోంచి ఒక చుక్క పడింది. ఇంకొకటి పడింది. ఆ ఆసుపత్రిలో, ఆ తొమ్మిదో అంతస్తులో, ఒక్క నాన్నే పోయాడా? ఎన్నేళ్ళుగా ఎంతమంది పోయారు అక్కడ?

"అమ్మా," అంది మెల్లగా, "అయితే నేను పిలిచింది ఎవర్ని?"

అమ్మ తడి చేతులు చొక్కాకేసి తుడుచుకోబోయి ఆగిపోయింది. ఆమె కళ్ళు కిటికీ మీద ఉన్నాయి.

ఆ వంటింటి కిటికీ, మేడ మధ్యలో గాలి కోసం బావిలా వదిలిన చీకటి ఖాళీలోకి తెరుచుకుంటుంది. బావికి అవతల మెట్ల దారి. అంతస్తుకొక చిన్న అద్దం. మెట్ల దగ్గరి బల్బులు మీట నొక్కితే వెలిగి, నిమిషానికి వాటంతటవే ఆరిపోయే రకం. పసుపు బల్బులు.

ఒకటో అంతస్తు అద్దం వెలిగి ఉంది. పసుపు కాదు.

అది ఆరింది. రెండో అంతస్తు వెలిగింది.

"ఎవరో ఎక్కుతున్నారేమో," అంది హోయ్ లామ్.

"అడుగుల చప్పుడేదీ?"

చెవులు రిక్కించారు. పై ఇంట్లో టీవీ. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. మెట్ల మీద మాత్రం ఏ చప్పుడూ లేదు... ఆ మేడలో చెప్పులు ఈడవకుండా మెట్లెక్కగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

నిమిషం. మూడో అంతస్తు.

"పిలిచి పీట వేశావు కదే," గొణిగింది అమ్మ. గబగబా వెళ్ళి ఎర్ర ఇనప గేటు లాగి తాళం వేసింది. చెక్క తలుపు మూసి గడియ పెట్టింది. తలుపు పక్కన నేల మీద ఉండే చిన్న ఎర్ర పలక, వాకిలి దేవుడిది. దాని ముందు కూర్చుని మూడు అగరుబత్తులు ముట్టించింది. "తండ్రీ, పరాయివాళ్ళు. ఆపు."

నాలుగో అంతస్తు.

"ఆపుతాడా అమ్మా?"

"పరాయివాళ్ళనైతే ఆపుతాడు. మనింటి బిడ్డ నోరారా, చిరునామా చెప్పి పిలిచాక... ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

ఐదో అంతస్తు. నిమిషం ఎంత పొడుగో హోయ్ లామ్‌కి అప్పుడు తెలిసింది. ఆ నిమిషాన్ని తను ఎన్నోసార్లు తెర మీద ఒక్క రెప్పపాటులో నడిపించి ఉంటుంది.

ఆరో అంతస్తు అద్దం వెలిగింది.

తలుపు కింది సందులోంచి ఆకుపచ్చ కలిసిన తెలుపు గదిలోకి పాకింది. దానితో పాటు వాసన. ఆసుపత్రి నేల తుడిచే మందు వాసన, దాని కింద ఇంకేదో, చాలాకాలం తడిసి ఆరని గుడ్డ వాసన.

తలుపు ఎవరూ కొట్టలేదు.

అమ్మ హోయ్ లామ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తలుపు దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది.

"కామ్ సుయ్... నువ్వేనా? నువ్వే అయితే టార్చి వెయ్యి. రోజూ పడవ మీంచి వేసినట్టు వెయ్యి."

సందులో వెలుగు కదల్లేదు.

తర్వాత ఆరింది... వెలిగింది. ఆరింది... వెలిగింది. ఆరింది... వెలిగింది.

మూడూ సమానంగా.

"ఆయన కాదు," అంది అమ్మ.

వాకిలి దేవుడి ముందు మూడు అగరుబత్తులూ ఒక్కసారిగా ఆరిపోయాయి. సందులో చీకటి పడింది. హోయ్ లామ్ అమ్మని కరుచుకుని అలాగే ఉండిపోయింది. పోయిందేమో... పోయిందేమో అనుకుంది. అప్పుడు వెనక గది గోడ మీద ఏదో మారినట్టు అనిపించి తల తిప్పింది.

నాన్న పటం ముందు రాత్రింబవళ్ళు వెలిగే చిన్న ఎర్ర బల్బు ఉంది. అది ఎర్రగా లేదు.

ఒక్క క్షణమే. మళ్ళీ ఎర్రబడింది.

*

తెల్లారేదాకా ఇద్దరూ వంటింట్లోనే కూర్చున్నారు. వెలుతురు వచ్చాక పటం దగ్గరికి వెళ్ళారు. ముందటి సాయంత్రమే అమ్మ అక్కడ అన్నం గిన్నె పెట్టింది.

గిన్నెలో అన్నం లేదు. మెతుకు లేదు. కడిగి బోర్లించినంత శుభ్రంగా ఉంది. పుల్లలు కుడి పక్కన ఉన్నాయి.

నెల రోజులుగా వచ్చినవాడు వాసన చూసి, పుల్లలు ముట్టుకుని, అన్నం వదిలేసేవాడు. ఇప్పుడొచ్చినవాడికి ఆకలి ఉంది.

"షా టిన్‌లో పిన్ని వాళ్ళింటికి వెళ్దాం పదమ్మా," అంది హోయ్ లామ్. "ఇవాళే."

"నా ఇల్లు వదిలి నేనెక్కడికే? ఆయన పటం ఇక్కడుంటే." అమ్మ గిన్నె తీసి కడగడం మొదలెట్టింది. కడిగిన గిన్నెనే చాలాసేపు కడిగింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం చేస్తాం? సాగనంపే రోజుకని గుళ్ళో స్వామిని ఎల్లుండి రమ్మన్నా. అందాకా చూద్దాం."

మధ్యాహ్నం పాక్ యిన్ ఫోన్ చేశాడు. హోటల్ వాళ్ళు ఏడో సినిమా అడుగుతున్నారట.

"నేను తీస్తాలే అక్కా, నువ్వు పడుకో. గొంతేంటి అలా ఉంది?"

"వద్దు. ఈ డాబాకి నువ్వు రావొద్దు. నేనే తీస్తా."

ఆమెకి సినిమా గొడవ లేదు. తొమ్మిదో అంతస్తులో వెలుగు మళ్ళీ బయలుదేరుతుందో లేదో చూడాలి. బయలుదేరితే, రాత్రి వచ్చింది వెనక్కి పోయినట్టే కదా. ఆ ఒక్క ఆశతో కెమెరా బిగించింది. ఎనిమిదిన్నర దాకా పిట్టగోడ వైపు చూడకుండా, వీపు తిప్పుకుని కూర్చుంది. తర్వాత ఫోటోలు పేర్చి నడిపించింది.

పొద్దు గూకింది. కిటికీలు చిట్లాయి. కొండవాలు మీద తొమ్మిదో అంతస్తు చీకటిగా ఉంది. చివరిదాకా చీకటిగానే ఉంది. అక్కడి నుంచి ఎవరూ బయలుదేరలేదు.

కానీ అవతలి రేవు దగ్గర ఒక వెలుగు ఉంది. మొదటి ఫోటో నుంచీ ఉంది. ఆకుపచ్చ కాదు. పాత టార్చి బల్బు పసుపు. నీళ్ళ అంచున, కిందికి, ఎవరో చేత్తో పట్టుకున్నంత ఎత్తులో ఉంది. అది నడవలేదు. వెలిగి ఆరింది. వెలిగి ఆరింది. మూడోసారి వెలిగి, చాలాసేపు ఉండి, ఆరింది.

రెండు పొట్టివి. ఒకటి పొడుగు.

మళ్ళీ. మళ్ళీ. సినిమా పొడుగునా అదే. నాలుగు గంటలుగా అక్కడ నిలబడి, ఇంటి వైపు, తన డాబా వైపు, వేస్తూనే ఉన్నాడు.

హోయ్ లామ్ లేచి పిట్టగోడ పట్టుకుంది. నాన్నా అని నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. పిలిస్తే ఎవరు వింటారు? ఎవరు వస్తారు? నాన్నే వచ్చినా ఏ ఇంట్లోకి వస్తాడు, ఆయన్ని బయటికి నెట్టి పటం ముందు ఇప్పుడు వేరే ఎవరో కూర్చుని ఉంటే?

జేబులో ఫోన్ మోగింది. అమ్మ.

"లామ్, కిందికి రావే. అన్నం చల్లారిపోతోంది." గొంతు తేలిగ్గా, హాయిగా ఉంది. నెలన్నరలో అమ్మ గొంతు అంత హాయిగా ఆమె వినలేదు. వెనకాల పింగాణీ గిన్నెకి పుల్లలు తగులుతున్న చప్పుడు గబగబా వినబడుతోంది. "త్వరగా రా. మీ నాన్న నీ కోసం ఆగలేక మొదలెట్టేశాడు."

అవతలి ఒడ్డున ఫెర్రీ కూత వేసి బయలుదేరింది. హోయ్ లామ్ కళ్ళు చిట్లించి చూసింది. పడవ కిటికీలన్నీ వెలుగుతున్నాయి. నీళ్ళ మధ్యకి వచ్చేదాకా చూసింది. దాని మీది నుంచి టార్చి ఎవరూ వెయ్యలేదు.